ధరల గణితము – ఎం.ఎస్సీ. పరిశోధన వ్యాసము

క్వాంటిటేటివ్ ఫైనాన్స్ అనబడు ధరల గణితమున ఎం.ఎస్సీ. వ్యాసము వ్రాయబూనిన విద్యార్థి మొదట పెద్ద విషయము కొఱకు వెదకును. అది పొరపాటు. 1900లో లూయీ బషెలియే పారిస్‌లో సమర్పించిన డాక్టరేటు వ్యాసము ఒకే ప్రశ్నను పట్టుకొన్నది: రేపటి ధర నేటి ధరనుండి ఎంత దూరము పోవచ్చును? కాలము నాలుగింతలైనచో ధర చెదరుట రెండింతలే యగునని ఆయన గణించెను.

చేవెళ్ల మండలములోని ఆలూరు రైతు టమాటాకును ఇదే ప్రశ్న. అయితే టమాటా ఋతువును బట్టి నడచును, బషెలియే సూత్రమునకు అంత సులభముగా లొంగదు. పెట్టె ధర 200 రూపాయల నుండి 250కి పెరిగి, మరల 200కు దిగినదనుకొనుడు. పెరుగుదల 25 శాతము, తరుగుదల 20 శాతము. సగటు తీసిన లాభము కనిపించును. రైతు చేతికి పైసా రాలేదు! లాగరిథముల భేదము తీసినచో 0.223, –0.223 వచ్చి, మొత్తము సున్న యగును. ఎందఱో ఇచ్చటనే తడబడుదురు.

మార్కెట్టు సెలవునాడు ధర సున్న యని వ్రాయరాదు. గడిని ఖాళీగా విడువవలెను. తొలి సంవత్సరముల ధరలతో సూత్రము కట్టి, చివరి సంవత్సరముపై పరీక్షింపుడు. అంచనాను నమ్మి పంట వేసినవాడే నష్టపోవును గనుక, తప్పిన నెలల పట్టికను అనుబంధమున దాచక, వ్యాసమధ్యముననే ఉంచుడు.