మీటరు లెక్క – మానవ వివేకం

కొలత నాగరికతకు పునాది. కుంచం, మానిక, తవ్వ, సోల ఒకనాడు ధాన్యాన్ని కొలిచాయి. నేడు కంటికి కనిపించని విద్యుత్తును మీటరు కొలుస్తోంది. కుంచంలో గింజలు కనిపిస్తాయి, కొలిచే చేయి కనిపిస్తుంది. మీటరులో కనిపించేది అంకె మాత్రమే. ఆ అంకె హఠాత్తుగా పెరిగితే సామాన్యుడు కలవరపడటం సహజం.

కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన విద్యుత్ పంపిణీ సంస్కరణల పథకం దేశంలో 25 కోట్ల స్మార్ట్ మీటర్లను అమర్చాలని సంకల్పించింది. ఈ మీటరు పావుగంటకో అరగంటకో ఒకసారి వినియోగాన్ని నమోదు చేసి, దూరాన ఉన్న కార్యాలయానికి తానే పంపుతుంది.

కడప జిల్లా దువ్వూరులో నెలకు 90 యూనిట్లు వాడే ఒక రైతు కుటుంబం ఉందనుకొందాం. మీటరు మార్చిన నెలలో రీడింగు 180 యూనిట్లకు చేరింది. "మీటరు గిరగిరా తిరుగుతోంది" అన్నదే ఎవరి నోటనైనా వచ్చే మొదటి మాట. అది నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. ప్రత్యక్షం, అనుమానం మొదలైనవి జ్ఞానసాధనాలని తర్కశాస్త్రం చెప్పింది. ఇక్కడ అవసరమైనవీ అవే.

ముందుగా పెరిగినది యూనిట్లా, రూపాయలా అన్నది చూడాలి. యూనిట్లు పెరగకపోయినా ఛార్జీలు మారితే బిల్లు పెరుగుతుంది. యూనిట్లే పెరిగితే ఇంటిలోని వాడకాన్ని లెక్కించాలి. ఒక అశ్వశక్తి మోటారు రోజుకు రెండు గంటలు నడిస్తే నెలకు 45 యూనిట్లకు తక్కువ కాదు. నీటితొట్టి కారుతుంటే మోటారు పని రెట్టింపవుతుంది.

తరువాతది పరీక్ష. ఫ్రిజ్‌తో సహా ఇంటిలోని పరికరాలన్నీ ఆపివేసినా మీటరుపై చిన్న ఎర్రదీపం మినుకుమంటూనే ఉంటే, విద్యుత్తు ఎక్కడికో ప్రవహిస్తున్నదని అర్థం. పొగను చూసి నిప్పును ఊహించడం వంటిదే ఇది. మెయిన్ స్విచ్చి ఆపగానే దీపం ఆగితే లోపం చాలావరకు ఇంటి వైరింగులోనే ఉంటుంది. తీగ తొడుగు చెడి అర ఆంపియరు విద్యుత్తు భూమిలోకి జారినా నెలకు సుమారు 83 యూనిట్లు వృథా అవుతాయి. నష్టం ధనంతో ఆగదు. ఆ తడిగోడను తాకిన పసిబిడ్డ ప్రాణానికే ముప్పు. పొరుగింటి న్యూట్రల్ తీగ ఈ ఇంటి తీగతో కలిసిపోయినా, పాత చక్రపు మీటరు పట్టని ప్రవాహాన్ని కొత్త మీటరు నమోదు చేయవచ్చు.

మీటరునూ పరీక్షించవచ్చు. యూనిట్‌కు 3200 మినుకులు అని దానిపై ముద్రించి ఉంటే, 100 వాట్ల పాత బల్బు ఒక్కటే వెలిగినప్పుడు మూడు నిమిషాలకు సుమారు 16 మినుకులు రావాలి. అంతకు చాలా ఎక్కువైతే సందేహానికి ఆధారం ఉన్నట్లే.

యంత్రం ఎన్నడూ పొరబడదని అనలేము. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయ పరిశోధకులు తొమ్మిది ఎలక్ట్రానిక్ మీటర్లను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. డిమ్మర్‌తో పనిచేసే పొదుపు దీపాల వంటి భారం పడినప్పుడు ఐదు మీటర్లు అసలు కంటే చాలా ఎక్కువ చూపాయి. ఒకచోట తేడా 582 శాతానికి చేరింది. రెండు మీటర్లు తక్కువగా చూపాయి.

అందుకే చట్టం వినియోగదారునికి అండగా నిలిచింది. 2003 విద్యుత్ చట్టం ఫిర్యాదుల పరిష్కార వేదికను కల్పించింది. రీడింగు వాడకానికి తగినట్లు లేదని ఫిర్యాదు చేస్తే, అందిన ఐదు రోజులలో పంపిణీ సంస్థ అదనపు మీటరు అమర్చి, కనీసం మూడు నెలలు సరిచూడాలని 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు నిర్దేశించాయి.

అంకెను గుడ్డిగా నమ్మడం అజ్ఞానం. పరీక్షించకుండా నిందించడం అవివేకం. తేదీ, వేళ, మినుకుల లెక్క రాసిన ఒక్క కాగితం వంద కేకల కంటే బలమైన సాక్ష్యం. చదువుకొన్న యువత తమ ఇంటికీ, చదువురాని ఇరుగుపొరుగుకూ ఈ సాయం చేయగలిగితే వారి విద్య సార్థకమవుతుంది.