వాల్వుల వెలుగులో జాజ్: సందేహాలు - సమాధానాలు

పాత వాల్వు ఆంప్లిఫయర్లు, హారన్ స్పీకర్లు, జాజ్ రికార్డుల గురించి అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు.

మావారు పాత వాల్వు ఆంప్లిఫయర్ ఒకటి కొన్నారు. రాత్రి లైటు తీసేస్తే లోపల ఎర్రగా, గాజు మీద నీలంగా వెలుగుతోంది. ముట్టుకుంటే కాలుతోంది. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. పేలుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.
*- ఒక గృహిణి, ద్వారకాపురి కాలనీ, పంజాగుట్ట*

పేలదమ్మా, ధైర్యంగా ఉండండి. మధ్యలో కనిపించే నారింజ రంగు వెలుగు హీటరుది, అది వేడెక్కితేనే వాల్వు పనిచేస్తుంది. గాజు లోపలి వైపు పలచగా మెరిసే నీలం, దారి తప్పిన ఎలక్ట్రాన్లు గాజుకు తగలడం వల్ల వచ్చేది. పెద్ద వాల్వుల్లో అది మామూలే. లోపలున్న బూడిద రంగు రేకు ఎర్రగా కాలడం మొదలైతే మాత్రం వెంటనే స్విచ్ తీసేయండి. గాజు లోపల అద్దంలా మెరిసే వెండి పూత పాలలా తెల్లబడితే గాలి చొరబడిందని అర్థం, ఆ వాల్వు పని అయిపోయినట్టే. ఇక పాప విషయంలో మీ భయం న్యాయమైనదే. గాజు నిజంగానే చేయి కాల్చేంత వేడిగా ఉంటుంది కాబట్టి సెట్టును పాపకు అందని ఎత్తులో పెట్టి, పైన గాలి ఆడే జాలీ మూత వేయించండి.

వాల్వు సెట్టు కరెంటు విపరీతంగా తింటుందని మా ఓనరు అంటున్నారు. నిజమా?
*- ఒక ప్రైవేటు ఉద్యోగి, ఎస్సార్ నగర్*

కంగారు పడకండి. ఇంట్లో వాడే చిన్న సెట్టు సుమారు 100 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజూ రెండు గంటలు వింటే నెలకు 6 యూనిట్లు. వాల్యూమ్ తగ్గించినా ఖర్చు పెద్దగా తగ్గదు కాబట్టి విననప్పుడు ఆపేయండి, అంతే.

మా నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఆంప్లిఫయర్, రికార్డులు అటక మీదే ఉండిపోయాయి. ఆయనకు జాజ్ ప్రాణం. ఈ ఏడాది ఆయన పుట్టినరోజుకు ఒక్కసారి వినాలని ఉంది. ప్లగ్గు పెట్టాలంటే చేతులు వణుకుతున్నాయి. నా చేత్తో పాడుచేస్తానేమో.
*- ఒక బ్యాంకు ఉద్యోగిని, ఎల్లారెడ్డిగూడ*

మీ చేతులు వణకడమే మంచిదైంది, ఇంతవరకు ఆ సెట్టును కాపాడింది అదే. దయచేసి నేరుగా ప్లగ్గు పెట్టకండి. ఏళ్ల తరబడి వాడకపోతే వాల్వులకు పెద్దగా ఏమీ కాదు, చెడిపోయేవి కండెన్సర్లు. కరెంటును వడకట్టే పెద్ద కండెన్సర్లు ఎండిపోతాయి, మైనం పూత కాగితపు కండెన్సర్లు లీకవుతాయి. ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే వాటితో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోవచ్చు, అది కాలితే అలాంటిదే మళ్లీ దొరకడం కష్టం.

వాల్వు రేడియోలు బాగుచేసిన అనుభవం ఉన్న మెకానిక్కు చూపించండి. ఆయన ముందు కండెన్సర్లు పరీక్షిస్తారు, చెడినవి మారుస్తారు, తర్వాత సిరీస్ బల్బు పెట్టి మెల్లగా కరెంటు ఎక్కిస్తారు. లోపల షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలిగి చెబుతుంది, సెట్టు బతుకుతుంది. విడిభాగాలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి: పాత పెట్టె, పాత నాబ్‌లు, పాత ట్రాన్స్‌ఫార్మర్లు మార్చవద్దని. కండెన్సర్లు మారినంత మాత్రాన అది మీ నాన్నగారి సెట్టు కాకుండా పోదు. పుట్టినరోజుకు నెల ముందే ఇవ్వండి, మెకానిక్కును తొందరపెట్టకుండా ఉంటుంది.

రికార్డు ప్లేయర్ చేయి పట్టుకుంటే సన్నగా జిల్లుమంటోంది. పాత సెట్లకు ఇది మామూలే అని ఒక స్నేహితుడు అన్నాడు.
*- ఒక విద్యార్థి, అమీర్‌పేట*

బాబూ, ఈ ఒక్క విషయంలో నేను "మామూలే" అనను. ఇప్పుడే ప్లగ్గు తీసేయండి, బాగయ్యేదాకా మళ్లీ పెట్టకండి. పాత సెట్లకు రెండు పిన్నుల తీగే ఉంటుంది, చాలా పాత ఇళ్లలో ఎర్తింగ్ కూడా సరిగా ఉండదు. లోపలి ఇన్సులేషన్ పాడైతే కరెంటు పెట్టె మీదికి వస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌తో గదిలో ఎర్తింగ్ చూపించండి, తర్వాత మెకానిక్కుతో మూడు పిన్నుల తీగ వేయించండి. మీరు మాత్రం మూత విప్పవద్దు. లోపల 300 నుంచి 450 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కండెన్సర్లలో అది నిలిచి ఉంటుంది.

మూతపడిన ఒక సినిమా హాలు నుంచి రెండు పెద్ద హారన్ స్పీకర్లు తెచ్చాను. నా ఆంప్లిఫయర్ 3 వాట్లే. మోసపోయావని అందరూ అంటున్నారు. పైగా పెళ్లి మైకులాగా అరుస్తాయేమోనని ఇంట్లో భయం.
*- ఒక ప్రభుత్వోద్యోగి, బల్కంపేట*

మీరు మోసపోలేదు. హారన్‌కు 3 వాట్లు చాలు, అవి పుట్టిందే తక్కువ వాట్ల కాలంలో. 1920ల చివర టాకీలు వచ్చినప్పుడు ఆంప్లిఫయర్ల శక్తి చాలా తక్కువ, హాలు మాత్రం పెద్దది. అరచేతులు నోటి చుట్టూ పెట్టి పిలిస్తే గొంతు దూరం పోయినట్టే, చిన్న పొర కదలికను హారన్ హాలంతటి గాలికి అందించింది.

లెక్క కూడా చూడండి. మామూలు ఇంటి స్పీకరు ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో సుమారు 87 డెసిబెల్స్ ఇస్తే, మంచి సినిమా హారన్ 102 దాకా ఇస్తుంది. ఆ 15 డెసిబెల్స్ తేడా అంటే దాదాపు 32 రెట్ల శక్తి. అంటే మీ 3 వాట్లు ఆ మామూలు స్పీకరు మీద 96 వాట్లతో సమానం. ఎదురుగా కూర్చుని వింటే ట్రంపెట్ ఊదిన గాలి మీ గదిలోకే వచ్చినట్టు ఉంటుంది. జాజ్‌కు హారన్ ఇంతగా కుదరడానికి నాకు తోచే కారణం ఇదే: ట్రంపెట్, శాక్సాఫోన్ వాద్యాలు కూడా గొట్టం చివర విప్పారిన హారన్లే.

పెళ్లి మైకు హారన్ మాట దూరం వినబడటానికి చేసింది, దానికి కింది స్వరాలు దాదాపు ఉండవు. మీవి వేరు. అయితే చిన్న హాల్లో మరీ దగ్గర కూర్చుంటే పై స్వరాలు గుచ్చుకుంటాయి. వీలైనంత వెనక్కి కూర్చోండి, ఎదురు గోడకు మందపాటి తెర వేయండి, హారన్ స్థాయి తగ్గించే నాబ్ ఉంటే కొంచెం తగ్గించండి. గది మూలలను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 1946లో అమెరికాలో పాల్ క్లిప్ష్ తెచ్చిన క్లిప్ష్‌హారన్ గది మూల గోడలనే తన హారన్‌లో భాగంగా వాడుకుంది. మీ స్పీకర్లను గోడకు దగ్గరగా, దూరంగా జరిపి చూడండి, కింది స్వరాల్లో తేడా మీకే తెలుస్తుంది.

హారన్‌కు చెవి ఆనిస్తే "స్స్స్" మని, "హుమ్మ్" మని వినబడుతోంది. ఆంప్లిఫయర్ పోయినట్టేనా?
*- అదే పాఠకుడి పక్కింటివారు, బల్కంపేట*

పోలేదు. మామూలు స్పీకరులో వినబడని చిన్న చప్పుడు కూడా హారన్ పెద్దది చేసి వినిపిస్తుంది. చెవి ఆనిస్తేనే వినబడితే వదిలేయండి. మీరు కూర్చునే కుర్చీ దాకా హమ్మింగ్ వస్తే, లేదా రోజురోజుకీ పెరుగుతుంటే, వడపోత కండెన్సర్లు చూపించండి.

మీరు పక్కింటివారు కాబట్టి ఇంకో మాట. నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్. హారన్లు తెచ్చిన మీ పక్కింటాయనకు ఈ సంగతి మీరే చెబితే బాగుంటుంది.

ఒక పాత స్టీరియో జాజ్ రికార్డులో శాక్సాఫోన్ ఎడమ వైపు నుంచే వస్తోంది. కుడి స్పీకరు చెడిందా?
*- ఒక ఇంజనీరు, శ్రీనగర్ కాలనీ*

బహుశా చెడి ఉండదు. 1950ల చివర్లో స్టీరియో కొత్త, అప్పటి చాలా రికార్డింగుల్లో ఒక వాద్యాన్ని పూర్తిగా ఎడమకు, మరొకదాన్ని పూర్తిగా కుడికి పెట్టేవారు. ఆంప్లిఫయర్ ఆపి, ఎడమ కుడి స్పీకరు తీగలు మార్చి చూడండి. శాక్సాఫోన్ కుడికి వెళితే స్పీకర్లు రెండూ బాగున్నట్టే. స్పీకరు తీగలు ఊడదీసి వాల్వు సెట్టు నడపడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది.

మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" పాత ఎల్పీ కొన్నాను. ఫోనులో విన్నదానికంటే శ్రుతి కొంచెం ఎక్కువగా ఉంది. నకిలీ రికార్డా, నా ప్లేయర్ పరిగెడుతోందా?
*- ఒక డిగ్రీ విద్యార్థిని, అమీర్‌పేట*

మీ చెవి చాలా మంచిదమ్మా. రికార్డు నకిలీదని గానీ ప్లేయర్ చెడిందని గానీ అప్పుడే అనుకోవద్దు. 1959 మార్చి 2న ఆ రికార్డు మొదటి వైపు పాటలు రికార్డు చేసినప్పుడు ప్రధాన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. అందుకే దాన్ని సరైన వేగంతో వేస్తే శ్రుతి పైకి జరిగింది. 1992లో మళ్లీ విడుదల చేసినప్పుడు దాన్ని సరిదిద్దారు, ఫోనులో మీరు విన్నది ఆ సరిదిద్దినదే అయి ఉండాలి. రెండో వైపు పాటలు ఏప్రిల్‌లో చేసినవి, వాటిలో ఆ తేడా లేదు. రెండో వైపు పెట్టి పోల్చండి. అది ఫోనుతో కలిస్తే మీ ప్లేయర్ నిక్షేపంగా ఉంది, అది కూడా పైకి ఉంటేనే ప్లేయర్ వేగం చూపించండి.

అమెరికా నుంచి మా అబ్బాయి పాత రికార్డు ప్లేయర్ పంపాడు. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. అయినా పాట సాగిపోతోంది.
*- ఒక విశ్రాంత అధికారి, సోమాజిగూడ*

ప్లేయర్‌కు ఏమీ కాలేదండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది గానీ కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చలేదు. అక్కడ 60, ఇక్కడ 50 హెర్ట్జ్. పాత మోటార్లు ఆ లెక్కనే తిరుగుతాయి కాబట్టి మీ ఎల్పీ నిమిషానికి 33⅓ బదులు 28 లోపే తిరుగుతోంది. ఆ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే మార్పించండి, లేకపోతే లేత్ పనివాడి దగ్గర కొలతకు చేయించవచ్చు.

తాతగారి 78 రికార్డులను స్పిరిట్‌తో తుడిచాను. దూదికి నల్లగా అంటింది. చాలా ఏడుపొచ్చింది.
*- ఒక పాఠకురాలు, పంజాగుట్ట*

బాధపడకండి, ఒకటి రెండు రికార్డుల దగ్గరే ఆపి ఉంటారు, మిగిలినవి క్షేమం. ఆ రికార్డులు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క మెత్తని సబ్బు కలిపి, మధ్య లేబుల్ తడవకుండా గాడి దిశలో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. వాటికి ఎల్పీ ముల్లు వాడవద్దు, 78లకు వేరే వెడల్పాటి ముల్లు ఉంటుంది.

వాల్వు పోతే ఇక దొరకదట కదా? ఉన్నప్పుడే అమ్మేయమంటున్నారు.
*- ఒక వ్యాపారి, పంజాగుట్ట*

అమ్మకండి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు మన రేడియోలకు వాల్వులు తయారుచేసేది, అక్కడ అది ఆగిపోయింది. కానీ ఆంప్లిఫయర్లలో ఎక్కువగా వాడే ఈఎల్34, ఈఎల్84, ఈసీసీ83, 300బీ వంటివి రష్యా, స్లొవేకియా, చైనాల్లో ఇవాళ్టికీ తయారవుతున్నాయి. పెద్ద వాల్వు మామూలుగా రెండు వేల గంటలైనా పనిచేస్తుంది. రోజుకు రెండు గంటలు వింటే దాదాపు మూడేళ్లు.

నేను కర్ణాటక సంగీతం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మనవడు జాజ్ పెడితే నాకు తల తోక తెలియడం లేదు. వాడు నొచ్చుకుంటాడని బాగుందంటున్నాను. నాకు వయసు మీరిపోయిందా?
*- ఒక విశ్రాంత సంగీతోపాధ్యాయిని, అమీర్‌పేట*

వయసు అడ్డే కాదమ్మా. మనోధర్మం తెలిసిన మీకు జాజ్ దగ్గర దారి ఉంది. ముందు పాట వరస వినిపిస్తారు, తర్వాత ఒక్కొక్కరు దాని మీద కల్పన చేస్తారు, చివర మళ్లీ పాటకు వస్తారు. మీరు తెలియడం లేదంటున్నది బహుశా ఆ కల్పన భాగమే. అక్కడ స్వరాల కోసం కాకుండా లెక్క కోసం వినండి.

డేవ్ బ్రూబెక్ బృందం 1959లో తెచ్చిన "టైమ్ అవుట్"లో "టేక్ ఫైవ్" వేయమని మనవడిని అడగండి. అది అయిదు లెక్క. మీ ఖండచాపు రెండు, మూడుగా నడిస్తే ఇది మూడు, రెండుగా నడుస్తుంది, మొదట చేయి తడబడితే కారణం అదే. పియానో ఆ లెక్కను వదలకుండా పట్టి ఉంచుతుంది, దాని మీద జో మొరెల్లో డ్రమ్స్ వాయిస్తాడు. తని ఆవర్తనం విన్న చెవికి అది కొత్త కాదు. బ్రూబెక్ బృందం అంతకు ముందు ఏడాది, 1958లో, మన దేశమంతా తిరిగి కచేరీలు చేసింది, ఆ పర్యటన తర్వాత "కలకత్తా బ్లూస్" అనే రచన కూడా వచ్చింది.

రెండు మూడుసార్లు విన్నాక కూడా నచ్చకపోతే నచ్చలేదనే మనవడికి చెప్పండి. ఈలోగా పక్కన కూర్చుని తాళం వేయండి, ఎక్కడ తప్పుతోందో వాడినే అడగండి.