ఠాణా అరుగు మీద నేర్చుకున్నవి

మాది అమ్రాబాద్. నల్లమల మధ్య పుట్టినవాడికి ఖాకీ బట్టలు కొత్త కాదు. అన్నల (నక్సలైట్ల) కాలంలో రాత్రి ఎవరు తలుపు తట్టారో పొద్దున ఠాణాకు పోయి జవాబు చెప్పుకున్న ఊళ్ళు మావి. 2019లో యురేనియం తవ్వకాలు వద్దని రోడ్డెక్కేనాటికి నాకు అరవై దాటాయి. అప్పుడు చూసినవీ, ఆ తర్వాత తెలుసుకున్నవీ మా పిల్లల కోసం రాస్తున్నాను.

1. నాయకుడు ఏ రోజు వచ్చాడో రాసిపెట్టుకోండి.

83 చదరపు కిలోమీటర్ల అడవిలో 4,000 బోర్లు వేసి యురేనియం వెతుకుతామన్న ప్రతిపాదనకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ వానాకాలమంతా అమ్రాబాద్, పదర మండలాలు నిద్రపోలేదు. మొదట్లో మా వెంట ఉన్నది చెంచు పెంటల వాళ్ళు, సార్లు, కాలేజీ పిల్లలు. బయటి నుంచి వచ్చేవాళ్ళను పోలీసులు దారిలోనే ఆపేవాళ్ళు. మా వాళ్ళను ముందస్తు అరెస్టని పొద్దున్నే తీసుకుపోయి పొద్దుగూకే దాకా కూర్చోబెట్టేవాళ్ళు. అలాంటి ఒక రోజు ఠాణా అరుగు మీద కూర్చుని ముగ్గురు నాయకులకు ఫోన్ చేశాను. ఒక్కరూ ఎత్తలేదు. సెప్టెంబర్ 16న శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ తీర్మానానికి చేతులెత్తి మొక్కాను, ఇప్పటికీ మొక్కుతాను. అది అయ్యాక ఆ ముగ్గురూ మా ఊరొచ్చి అడవి గురించి బాగా మాట్లాడారు. అరుగు మీద కూర్చున్నవాళ్ళ ఊసు మాత్రం ఎత్తలేదు.

2. పోలీసుల మీద కోపం కుర్చీని బట్టి మారుతుంది.

ఇది ఒక పార్టీ జబ్బు కాదు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద ఊరేగింపుగా వచ్చినవాళ్ళపై బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. ఆ రక్తం మీద కన్నీరు పెట్టిన కాంగ్రెస్ 2004లో గద్దెనెక్కింది. 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, ఇంటి జాగాల కోసం, భూమి కోసం జరిగిన పోరాటంలో ఆ ప్రభుత్వ పోలీసులే ఏడుగురిని కాల్చి చంపారు.

2009 నవంబర్ 29న ప్రత్యేక తెలంగాణ కోసం దీక్షకు బయలుదేరిన కేసీఆర్‌ను అలుగునూరు దగ్గర అరెస్టు చేస్తే తెలంగాణ అంతా భగ్గుమంది. నేనూ ఆ రోజు అచ్చంపేట రోడ్డు మీద ఉన్నాను. పదేళ్ళు తిరగకముందే ఆయన ప్రభుత్వంలో, అదే ఉద్యమంలో జేఏసీ చైర్మన్‌గా ఉన్న కోదండరాం సార్‌ను మా నల్లమలకు వస్తుంటే దారిలో అరెస్టు చేశారు. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక బేడీలు. 2017 మే నెలలో ఖమ్మం మిర్చి రైతులను బేడీలతో కోర్టుకు తెచ్చారు. అప్పుడు కాంగ్రెస్ మండిపడింది, అధికారంలో ఉన్న కేసీఆర్ పార్టీ ఇద్దరు ఎస్సైల సస్పెన్షన్‌తో సరిపెట్టింది. 2024 డిసెంబర్‌లో మన పాత పాలమూరుకే చెందిన లగచర్లలో భూసేకరణ గొడవ కేసులో జైలుకెళ్ళిన రైతుకు అక్కడ ఛాతీ నొప్పి వస్తే బేడీలతో సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఈసారి కేసీఆర్ పార్టీ బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు నల్ల చొక్కాలు తొడిగి, చేతులకు బేడీలు వేసుకుని అసెంబ్లీకి వచ్చారు. కాంగ్రెస్ ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. ఆర్నెల్లు గడిచాయో లేదో 2025 జూన్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్న పెద్ద ధన్వాడ రైతులు అలంపూర్ కోర్టు ముందు బేడీలతోనే కనిపించారు. పార్టీలు చోట్లు మార్చుకున్నాయి. రైతు చెయ్యి మారలేదు.

3. పరామర్శకు వచ్చినవాణ్ణి కేసు సంగతి అడగండి.

పండ్లు తెస్తారు, భుజం తడతారు, ఫొటో దిగుతారు. రావద్దని నేను అనను, కష్టంలో మనిషి వస్తే ధైర్యమే. కానీ వాయిదాకు పోయేటప్పుడు బస్సు కిరాయి పెట్టుకునేది మనమే. "కేసులు ఎత్తేస్తాం" అని మైకులో అంటే కేసు పోదు. ప్రభుత్వం నిర్ణయం తీసుకోవాలి, పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో దరఖాస్తు వెయ్యాలి, కోర్టు ఒప్పుకోవాలి. ఈ మూడు మెట్లలో ఎక్కడ ఆగిందని అడిగితే నాయకుడికి అర్థమవుతుంది, మీరు మరిచిపోలేదని.

4. ఎదురుగా నిలబడ్డ కానిస్టేబుల్ మన పిల్లోడే.

ఉద్యమంలో పాటలు పాడిన పిల్లలు తర్వాత అదే శాఖలో కొలువు తెచ్చుకున్నారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. ఎస్సైకి పోస్టింగ్ రావాలంటే ఎమ్మెల్యే సిఫార్సు కావాలన్న సంగతి ఊళ్ళో ఎవరికి తెలియదు? సిఫార్సు ఇచ్చినవాడే ఠాణా తప్పును ఖండిస్తాడని ఎదురుచూడటం దండగ.

5. మన తప్పు మనం దాచుకోవద్దు.

లగచర్లలో 2024 నవంబర్ 11న భూసేకరణ మాట్లాడటానికి వచ్చిన కలెక్టర్ మీద దాడి జరిగింది. అది తప్పే. ఆ తప్పు చూపించి రాత్రిపూట ఇళ్ళ మీద పడి దొరికినవాళ్ళను దొరికినట్టు తీసుకుపోయారని ఆడవాళ్ళు ఏడ్చి చెప్పారు. ఒక్క చెయ్యి లేస్తే ఊరంతా ముద్దాయి అవుతుంది. మన నాయకుడూ నోరు విప్పడానికి జంకుతాడు.

6. నాలుగు సంగతులు కంఠతా పట్టండి.

ముందస్తు అరెస్టు చేసినవాళ్ళను వేరే కారణం లేకుండా 24 గంటలకు మించి ఉంచకూడదు. అరెస్టు చేస్తే కాగితం రాసి సాక్షి సంతకం తీసుకోవాలి, ఇంటివాళ్ళకు కబురు చెప్పాలి. పొద్దుగూకాక ఆడవాళ్ళను అరెస్టు చేయాలంటే తప్పనిసరి కారణం ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. బేడీలు మామూలు వ్యవహారం కాకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టం కొన్ని తీవ్రమైన నేరాలకు బేడీలు వెయ్యనిస్తుంది. అందుకని మన మీద ఏ సెక్షన్ పెట్టారో ముందు అడగాలి.

7. ఓటు అడగడానికి వచ్చిన రోజు ఒక్కటే అడగండి.

పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలోనూ, ప్రతి జిల్లాలోనూ ఒక అథారిటీ ఉండాలని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న ఆదేశించింది. ఏ పార్టీవాడు వచ్చినా సరే, మన జిల్లా నాగర్‌కర్నూల్‌లో మా ఫిర్యాదు వినే ఆ ఆఫీసు ఎక్కడుందో చూపించమని అడగండి. లేకపోతే తెప్పిస్తానని కాగితం మీద సంతకం పెట్టించుకోండి. ఆ కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. 2019లో అరుగు మీద నాతో కూర్చున్నవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలున్నారు. నేను మిమ్మల్నీ, వాళ్ళనూ కలిపే అడుగుతున్నాను.