సీట్లో లేనప్పుడు జరిగినదానికి బాధ్యత ఎవరిది?

ఆఫీసులో సిస్టమ్స్ చూసే ఉద్యోగి అడ్మిన్ లాగిన్‌లో పని చేసుకుంటూ, పై అధికారి పిలిచారని లేచి వెళ్తాడు. స్క్రీన్ తెరిచే ఉంటుంది. ఈలోగా ఇంకెవరో ఆ కుర్చీలో కూర్చుని, ఒక ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, కొత్త యూజర్ ఐడీ ఒకటి సృష్టించి జారుకుంటారు. రికార్డులో మాత్రం అంతా చేసింది అడ్మినే! మరి నేరం ఎవరిది? నోటీసు ఎవరికి?

నేరం సంగతిలో చట్టం స్పష్టంగానే ఉంది. కంప్యూటర్ యజమాని లేదా దాని బాధ్యత చూసే వ్యక్తి అనుమతి లేకుండా అందులోకి వెళ్లినా, సమాచారం కాపీ చేసినా, చెరిపినా ఐటీ చట్టం–2000లోని సెక్షన్ 43 కింద నష్టపరిహారం చెల్లించాలి. పాస్‌వర్డ్ ఛేదించి ఉండాలన్న షరతు ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ‘తెరిచి ఉంది కదా, చూశాను’ అన్న సమాధానం అనుమతి కిందకు రాదు. అదే పని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే సెక్షన్ 66 వర్తిస్తుంది. మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

స్క్రీన్ లాక్ చేయడం మరిచిపోవడం ఈ సెక్షన్ల కింద నేరం కాదు. తెలిసి పాస్‌వర్డ్ చేతికివ్వడం వేరు. అక్రమంగా లోపలికి వెళ్లేవారికి సాయపడినవారిని కూడా సెక్షన్ 43 వదలదు.

అంతమాత్రాన మరిచిపోయినవారు గండం గట్టెక్కినట్టు కాదు. క్రిమినల్ కోర్టులో నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. శాఖాపరమైన విచారణకు అంత అక్కర్లేదు, జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలు. అందుకే పోలీసు కేసు లేకపోయినా నిర్లక్ష్యం పేరుతో చార్జి మెమో రావచ్చు.

అడ్మిన్ లాగిన్‌తో ఇంకో చిక్కుంది. ఆ హక్కులు చేతికొచ్చినవాడు విండోస్ సెక్యూరిటీ లాగ్‌ను సైతం తుడిచేయగలడు. తుడిచాక 1102 నంబరుతో ఒక్క ఎంట్రీ మిగులుతుంది. లాగ్ చెరిపింది ఫలానా ఖాతా అని అది చెబుతుంది. ఆ ఖాతా పేరు అడ్మిన్‌దే!

లాక్ వేసే అలవాటు ఇక్కడే అక్కరకొస్తుంది. ఆడిట్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ లాక్ అయినప్పుడు 4800, తెరిచినప్పుడు 4801 నంబరు ఎంట్రీలు సమయంతో సహా నమోదవుతాయి. సీట్లో లేనని నోటితో చెప్పడం కంటే ఆ రెండు ఎంట్రీలు చూపడం విచారణలో ఎక్కువ బలం. చాలా కంప్యూటర్లలో ఈ సెట్టింగ్ మొదటినుంచీ ఆన్‌లో ఉండదు కాబట్టి ముందే చూసుకోవాలి.

జరగరానిది జరిగితే ఏం చేయాలి? ఆ కంప్యూటర్‌ను ఇక కదపకూడదు, సొంతంగా ఏదీ సరిచేయకూడదు. పై అధికారికి అదే రోజు రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు సంతకం తీసుకోవాలి. లాగ్‌లు, సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని అందులోనే కోరాలి. ఫుటేజీ మీద కొత్త రికార్డింగ్ పడిపోతే తిరిగి రాదు. లాగ్‌లను 180 రోజులు ఉంచాలని, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో తనకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ 2022 ఏప్రిల్ 28న సంస్థలను ఆదేశించింది. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి.

ఫిర్యాదు పరిధితో పనిలేకుండా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. డబ్బు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. 5 కోట్ల రూపాయల లోపు నష్టపరిహారం కోసం రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందు అర్జీ వేసుకోవచ్చు. ఐటీ చట్టం కింద న్యాయనిర్ణయ అధికారి ఆయనే.

ఇలాంటిది బ్యాంకులో జరిగితే ఖాతాదారులకూ ఒక హక్కుంది. బ్యాంకు సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ఖాతాలోంచి డబ్బు పోతే ఆ నష్టం ఖాతాదారుడిది కాదని రిజర్వ్ బ్యాంకు 2017 జులైలోనే తేల్చి చెప్పింది.

లేచే ముందు విండోస్ కీతో పాటు ‘ఎల్’ నొక్కండి, అడ్మిన్ లాగిన్‌ను అవసరమైన పనికే వాడండి. రోజువారీ పనికి మామూలు యూజర్ ఖాతా చాలు.