ఊపులకు ఇసుక ఎందుకు లొంగిపోతుంది?

ప్రశ్న: నీటితో నిండిన ఇసుక నేల భూకంపానికి ఎలా స్పందిస్తుందో ఎం.టెక్. ప్రాజెక్టులో లెక్కిస్తున్నాను. మోర్-కూలుంబ్ మోడల్ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇసుక ఎంత ఒత్తిడికి విఫలమవుతుందో ఆ మోడల్ చెబుతుంది. అంతకంటే తక్కువ ఒత్తిడితో ఎన్నిసార్లు ఊపినా, దాని లెక్కలో ఇసుక స్ప్రింగులా మళ్లీ యథాస్థితికి వచ్చేస్తుంది.

నిజమైన ఇసుక అలా రాదు. ప్రతి ఊపుకూ రేణువులు సర్దుకుని దగ్గరవ్వాలని చూస్తాయి. మధ్యలోని నీరు అంత త్వరగా బయటికి పోలేదు. దాంతో రేణువులు మోయాల్సిన బరువు నీటి మీద పడుతుంది. ఆ నీటి పీడనం పెరిగి పెరిగి పై బరువుతో సమానమైతే నేల ద్రవమైపోతుంది; ఇదే ద్రవీకరణ. 1964 భూకంపంలో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్ భవనాలు పెద్దగా పగుళ్లివ్వకుండానే పక్కకు ఒరిగిపోయింది అందుకే. 2001 భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లో ఇసుకా నీరూ పైకి చిమ్మాయి.

డఫాలియాస్-మంజారీ (2004), పీఎం4శాండ్ లాంటి మోడళ్లు చూడండి. సాంద్రతనీ పీడనాన్నీ ఇవి కలిపి లెక్కిస్తాయి కాబట్టి వదులు ఇసుకకూ గట్టి ఇసుకకూ తేడా తెలుస్తుంది. నా దృష్టిలో మోడల్ ఎంపిక కన్నా కాలిబ్రేషన్ ముఖ్యం. ఇసుకను చెదరకుండా నేలలోంచి తీయడం చాలా కష్టం. అందుకే నేలలోనే చేసే ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనట్రేషన్ టెస్ట్) విలువలను కూడా ఆధారంగా తీసుకోండి. ముందు ఒక్క ఎలిమెంట్‌నే ఊపి, ఎన్ని ఊపులకు ద్రవీకరణ వచ్చిందో ల్యాబ్‌లోని సైక్లిక్ ట్రయాక్సియల్ ఫలితంతో పోల్చండి. అది కుదిరేదాకా పూర్తి నేల మోడల్ జోలికి వెళ్లకండి.