హెర్పిస్ నిర్ధారణ: వెలిగే ప్రతిరక్షకాలు

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. మొదటిది ఎక్కువగా పెదవులపై, రెండోది జననాంగాలపై పొక్కులు తెస్తుంది. వైరస్‌ను కణవర్ధనంలో పెంచి గుర్తించాలంటే రోజులు పడుతుంది; ప్రతిదీప్తి ప్రతిరక్షక పరీక్షకు కొద్ది గంటలు చాలు.

తాజా నీటిపొక్కును చిదిపి, అడుగుభాగాన్ని గీకి కణాలను స్లైడుపై పరుస్తారు. పొక్కులోని ద్రవం ఒక్కటే సరిపోదు, కణాలు కావాలి. ఎసిటోన్‌తో స్థిరపరిచాక, ఫ్లోరసీన్ ఐసోథయోసయనేట్ రంజకం జతచేసిన ప్రతిరక్షకాలను వేస్తారు. అవి వైరస్ ప్రతిజనకాలకు అతుక్కుంటాయి; అతుక్కోనివి కడిగితే పోతాయి. ప్రతిదీప్తి సూక్ష్మదర్శినిలో నీలికాంతి పడగానే వైరస్ సోకిన కణాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ కూన్స్ (1941).

పాతదైన జాంక్ పరీక్షలో బహుకేంద్రక మహాకణాలు కనిపిస్తాయి గానీ, అవి హెర్పిస్ సింప్లెక్స్‌వో, ఆటలమ్మ వైరస్‌వో తేలదు. ప్రతిరక్షక పరీక్ష ఆ రెండింటినీ, సింప్లెక్స్‌లోని రకాలనూ వేరుచేస్తుంది.

పక్కుకట్టిన పుండ్లలో ఫలితం నమ్మదగింది కాదు. మెదడువాపు అనుమానమైతే వెన్నుద్రవంపై పీసీఆర్ పరీక్షే ప్రమాణం. చికిత్సకు వాడే మందు ఎసైక్లోవిర్.