గాలి ఎటునుంచి వీస్తోందో చూశావా

విశాఖపట్నం

చంటీ,

నీ ఉత్తరం మీ అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది. వేళకి తింటున్నావని విని ఆవిడ కుదుటపడింది. నేను మాత్రం మధ్యలో ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. "కరెంటు పోతే షెడ్డు వెనక జనరేటర్ వేసి డైవింగ్ ట్యాంకుల్లో గాలి నింపుతున్నాం, సాయంత్రానికి కాస్త తల పట్టేస్తోంది, ఎండకేమో" అన్నావు. రాత్రి నిద్ర పట్టలేదురా. అది ఎండ కాకపోతే?

కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం ఎక్కడుందో నువ్వు రాయలేదు. షెడ్డులోనే వదిలేశారా, బయటికి తీసి ఎత్తుగా కట్టారా? జనరేటర్ పొగ అటే వస్తోందా? ముందు అది చూడు, మిగతావన్నీ తర్వాత.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. "నూనె వాసన లేదు, గాలి బాగానే ఉంది" అని నువ్వు రాశావు చూడు, నా భయమంతా దానికే. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది అంతకంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. పైన పెద్దగా తెలియని మోతాదే 30 మీటర్ల లోతుకి దిగేసరికి నాలుగింతలై కూర్చుంటుంది, అక్కడి ఒత్తిడి అంత కాబట్టి. సిలిండర్లో నింపి పీల్చే గాలిలో దానికి యూరప్ వాళ్లు పెట్టుకున్న హద్దు పది లక్షల పాళ్లలో 5 పాళ్లు. నీళ్లలో ఉన్న మనిషికి కళ్లు తిరిగితే ఎవర్ని పిలుస్తాడు చెప్పు?

1987లో ఇక్కడి హార్బర్లో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాణ్ణి. ఓడ అడుగున పట్టిన గుల్లలు గీకడానికి మునిగేవాళ్లకి సిలిండర్లు నింపడం నా పని. ఆ రోజు తెల్లవారుజామునే లారీ ఒకటి తెచ్చి, ఇంజన్ ఆపకుండా మా షెడ్డు పక్కనే నిలబెట్టారు. నేను చూశాను. చూసి కూడా గొట్టం మార్చలేదు, పని తొందర. నేను నింపిన సిలిండరుతో దిగిన జాలారిపేట అన్న ఇరవై నిమిషాలకే తల పట్టుకుని పైకొచ్చాడు. బల్లమీద వాంతి చేసుకున్నాడు, కాళ్లు నిలవలేదు. ఆ రాత్రంతా ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. పొద్దున్నే కళ్లు తెరిచి ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "టిఫిన్ తిన్నావా తమ్ముడూ" అని. ఇప్పటికీ హార్బర్ గేటు దగ్గర ఇడ్లీ తింటున్నప్పుడు ఆ గొంతు వినిపిస్తుంది.

నువ్వు చిన్నప్పుడు నా సైకిలుకి గాలి కొడతానని పట్టుబట్టి, పంపు అడుగు పట్టుకుని "కాలింది మామయ్యా" అని ఏడ్చావు. మీ అత్తయ్య వెన్న రాసింది. గాలిని నొక్కితే వేడెక్కుతుందని నీకు ఆ వేళే తెలిసింది. మరి 200 బార్‌కి, అంటే కారు టైరు ఒత్తిడికి వందింతలు నొక్కే మెషీను ఎంత కాలాలి? అందుకే మూడు నాలుగు అంచెల్లో నొక్కుతుంది, ప్రతి అంచె తర్వాతా చల్లారుస్తుంది. చల్లారగానే తేమ నీరవుతుంది. పది పదిహేను నిమిషాలకోసారి డ్రెయిన్ వాల్వు తిప్పు. పాలలా తెల్లగా, నూనె కలిసిన నీళ్లు బుస్సుమని వస్తాయి. నువ్వు పనిచేసే దీవుల తేమకి ఇంకా ఎక్కువ వస్తాయి. బద్ధకిస్తే ఆ తడి ఫిల్టరులోకి పోతుంది. మోనాక్సైడ్‌ని విరిచే మందు ఆ ఫిల్టరులో ఉన్నా, తడి తగిలితే ఇక పనిచేయదు. ఎటు తిరిగినా ఆ పొగ దగ్గరికే వస్తోంది, చూశావా? మెషీను పుస్తకంలో ఫిల్టరుకి రాసిన గంటలు చల్లటి వాతావరణానివి. మీ ఎండకి అన్నాళ్లు రాదు, ముందే మార్చు.

నూనె ఆ మెషీనుకి చెప్పిందే పొయ్యి, బండి ఇంజన్ నూనె ముట్టుకోకు. సేఫ్టీ వాల్వు బిగించమని ఎవరు చెప్పినా దాని మీద చెయ్యి పెట్టకు. ట్యాంకు ఒత్తిడికి ఆగుతుందో లేదో తేల్చే హైడ్రో టెస్టు తేదీ చూడకుండా ఏదీ నింపకు. మెల్లగా నింపు, తొందరపడితే ట్యాంకు వేడెక్కి, చల్లారాక ఒత్తిడి చూపే ముల్లు కిందికి దిగుతుంది. గొట్టంలో ఒత్తిడి వదిలాకే విప్పు నాయనా, నీ చేతులు మాకు కావాలి.

జనరేటర్ మీద నింపిన ట్యాంకులు ఎవరికీ ఇవ్వకు. వాల్వు కొద్దిగా తెరిచి మొత్తం ఖాళీ చెయ్యి. ఓనరు కోప్పడితే నాకు ఫోన్ చేయించు, నేను మాట్లాడతాను. తలనొప్పి సంగతి డాక్టరుకి చెప్పేటప్పుడు పొగ సంగతి కూడా చెప్పు, దాచకు.

ఇంకొక్కటి. ఇన్నాళ్లూ నీకు నైరుతి గాలి. నవంబరుకల్లా ఈశాన్యం నుంచి తిరుగుతుంది. ఇవాళ మంచి చోటనుకున్న గొట్టం మూతి అప్పుడు పొగలోనే ఉండొచ్చు. మీ అమ్మ పంపే ఆవకాయ జాడీ మూతికి తన పాత చీర ఎర్ర అంచు చుట్టి కట్టింది. ఆ గుడ్డ పారేయకు. ఆ గొట్టం చివర కట్టుకో. మెషీను వేసే ముందు ప్రతిసారీ అది ఎటు ఎగురుతోందో చూసి వెయ్యి.

మీ మామయ్య